తీయని కవరు

"ఏం నొక్కావ్?"

మా ఇంట్లో కంప్యూటర్ ఆగిపోయిన ప్రతిసారీ ముందుగా వినబడే మాట ఇది. ఫ్యాన్ ఆగిపోతే కరెంటు పోయిందంటారు. కుళాయి ఆగిపోతే నీళ్ళు రాలేదంటారు. కంప్యూటర్ ఆగిపోతే మాత్రం నేనేదో నొక్కినట్టు. మా ఆయన ఈ మాటను స్నానాల గదిలోంచి కూడా అడగగలడు, తల మీద నీళ్ళు పోసుకుంటూ. వంటింట్లోంచి అత్తయ్య వంత పాడుతుంది, "ఏం నొక్కావే అమ్మాయ్?" అని. నేను నొక్కేవి అక్షరాలే, అవి ఉన్నదే నొక్కడానికి అనాలని ఉంటుంది. నల్లబడ్డ తెరలో నా మొహం కనబడుతుంటే దాన్నే చూస్తూ కూర్చుంటాను.

కంప్యూటర్‌తో నా పరిచయం అంత గొప్పగా మొదలవలేదు. మా ఊరి బడిలో ఒక్కటే ఉండేది. దానికి పువ్వుల గుడ్డతో కుట్టిన కవరు. దుమ్ము పడుతుందని మాస్టారు ఆ కవరు ఎప్పుడూ తీసేవారు కాదు. బెత్తంతో కవరు మీదే చూపిస్తూ ఇది మానిటర్, ఇది కీబోర్డు అని చెప్పేవారు. పదో తరగతి అయ్యేదాకా కంప్యూటర్ అంటే పువ్వులుంటాయనే అనుకున్నాను. పెళ్ళయ్యాక ఈ ఇంటి హాలు మూలలో, కవరు లేని కంప్యూటర్ చూశాను. పగలంతా దాని దగ్గర ఎవరూ ఉండరు. అంట్లు అయ్యాక, బట్టలు ఆరేశాక, మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీసే వేళ, దాని ముందు కూర్చుని వీడియోలు కూర్చడం నేర్చుకున్నాను. ఎవరో చెప్పిన మాటలు, ఎవరో గీసిన బొమ్మలు తీసుకుని ఎక్కడ కత్తిరించాలో అక్కడ కత్తిరించి, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో అక్కడ ఆపి, ఒక పాఠంగా అతకడం. "గేమ్స్ ఆడుకుంటోంది" అని అత్తయ్య ఇంటికొచ్చినవాళ్ళకి చెప్పేది. చెడుగా కాదు, ముద్దుగానే.

పిల్లల పాఠాలు తయారుచేసే సంస్థ ఒకటి, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు కావాలని ప్రకటన ఇస్తే, నేను చేస్తానని రాశాను. పరీక్షగా ఒక పాఠం ఇచ్చారు. విత్తనం మొలకెత్తడం గురించి. కూర్పంతా అయిపోయింది. మిగిలిందల్లా ముక్కలన్నీ కలిపి ఒకే వీడియోగా మార్చమని కంప్యూటర్‌కి చెప్పడం. అది దానికి చాలా బరువైన పని. సగం దాకా వచ్చి, విత్తనం పగిలి వేరు తొంగిచూసే చోట, టప్పున ఆగిపోయేది. గడువు అడిగాను. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. మళ్ళీ అడిగాను. ఈసారి ఫోన్లో అక్కడి మేడం కోప్పడలేదు. అందుకే భయం వేసింది.

"చూడమ్మా, నీ కత్తిరింపు నాకు నచ్చింది. కానీ నాకు పూర్తయిన పాఠం కావాలి కదా. సాయంత్రం మేం ఆఫీసు మూసేలోగా పంపు. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తాను, ఏమనుకోకు."

ఆ ఫోన్ వచ్చేసరికి మా ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ సాక్సుల కోసం వెతుకుతున్నాడు. సాక్సులు ఇచ్చి సంగతి చెప్పాను.

"వేడెక్కి ఆగిపోతోంది, అంతే. నువ్వు దాన్ని మరీ అరగదీస్తున్నావ్. నేను వాడితే ఎప్పుడైనా ఆగిందా?"

ఆగలేదు. మా ఆయన దాంట్లో మ్యాచ్ చూస్తాడు, కరెంటు బిల్లు కడతాడు. ఆ మాత్రం పనికి దానికి చెమట కూడా పట్టదు. పనిచేస్తేనే కదా ఎవరికైనా ఒళ్ళు వేడెక్కేది.

"లోపల చిప్పు మీది కూలర్ కొత్తదే కదా, మీరే బిగించారు కదా, ఒకసారి విప్పి చూస్తే..."

"ఊరికే వేడెక్కకు. ఆదివారం నేను చూస్తా. నువ్వు మాత్రం దాన్ని విప్పకు."

అని వెళ్ళిపోయాడు. ఆదివారం వచ్చేసరికి నా విత్తనం ఇంకొకరి కంప్యూటర్లో మొలకెత్తేసి ఉంటుంది.

ఆ కూలర్ సంగతి చెప్పాలి. పాతదాని ఫ్యాన్ గురక పెడుతోందని మా ఆయన కొత్తది కొన్నాడు. సన్నటి రేకులు వరసగా పేర్చిన పెద్ద దిమ్మ, దానికో ఫ్యాను. చిప్పులో పుట్టిన వేడిని ఆ దిమ్మ పైకి లాగితే ఫ్యాను బయటికి ఊదేస్తుంది. బిగించిన రోజు ఇల్లంతా ఆపరేషన్ జరుగుతున్నట్టు నిశ్శబ్దంగా ఉంది. స్క్రూలు పోకుండా గిన్నెలో పట్టుకుని నిలబడింది నేనే. మధ్యలో టీ అడిగితే వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బిగించడం అయిపోయింది. నేను చూడనిది ఆ కాసేపే.

ఆయన ఆఫీసుకి వెళ్ళాక వీడియో పని మళ్ళీ మొదలుపెట్టి, పక్కనే చిప్పు ఎంత వేడిగా ఉందో చూపించే అంకె తెరిచి పెట్టుకున్నాను. మామూలుగా కూర్చున్నప్పుడు అంకె బుద్ధిగానే ఉంది. పని మొదలవగానే చూస్తుండగానే వంద దగ్గరికి ఎగబాకింది. ఫ్యాను విమానం లేచినట్టు మోత. అత్తయ్య పరిగెత్తుకొచ్చి, రోజూ చేసే వైద్యం చేసింది. టేబుల్ ఫ్యాను తెచ్చి దానివైపు తిప్పి, "కాసేపు దాన్ని పడుకోనివ్వవే, పాపం" అంది. ఈ ఇంట్లో కాసేపు పడుకోమని ఎవరైనా ఎవరినైనా అన్నారంటే ఆ కంప్యూటర్‌నే.

దుమ్మా అంటే, మొన్ననే పక్క తలుపు తీసి బ్రష్షుతో దులిపాను. ఫ్యానా అంటే, తిరుగుతూనే ఉంది. ఏం తోచక వెనకవైపు అరచెయ్యి పెట్టాను. గాలి జోరుగా వస్తోంది. చల్లగా ఉంది.

చల్లగా ఎందుకుంది?

పక్క తలుపు తీసి, దిమ్మ రేకుల అంచుని వేలితో తాకాను. అదీ చల్లగానే ఉంది. తెర మీద అంకె వంద దగ్గర ఊగుతోంది, రేకులు మాత్రం కుండలో నీళ్ళంత చల్లగా ఉన్నాయి. రోజూ పొయ్యి ముందు నిలబడేదాన్ని, ఇంతకుముందే తట్టాల్సింది. మంట పెద్దదే. గిన్నె మాత్రం వేడెక్కలేదు. అంటే గిన్నె మంటకి ఆనలేదు. మధ్యలో ఏదో ఉంది. కింద చిప్పు మాడిపోతోంది, పైన ఫ్యాను ఉన్న బలమంతా పెట్టి తిరుగుతోంది, ఒకరి బాధ ఒకరికి చేరడం లేదు. ఇలా అనుకోగానే నేనూ మా ఆయనా భోజనాల బల్ల దగ్గర కూర్చునే తీరు గుర్తొచ్చి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇన్నాళ్ళూ నేను నొక్కినవాటి వల్ల కాదన్నమాట. నాకు ముందుగా కలిగింది ఆ సంతోషమే, ఇంకా ఒక్క స్క్రూ కూడా విప్పకముందే.

స్విచ్ ఆపి, వైర్లన్నీ పీకి, మా ఆయన పనిముట్ల డబ్బాలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చాను.

"అత్తయ్యా, కాస్త టార్చి పట్టుకుంటారా?"

"దేనికే?"

"కంప్యూటర్ విప్పుతున్నాను."

"వాడు వద్దన్నాడుగా?"

"అన్నారు."

అత్తయ్య నన్ను చూసింది, కంప్యూటర్‌ని చూసింది, వీధి తలుపు వైపు చూసింది. తడి చెయ్యి తుడుచుకుని టార్చి వెలిగించింది.

"నేనేం చూళ్ళేదు. వాడడిగితే నేను పడుకున్నా."

"సరే అత్తయ్యా."

"కొంచెం పక్కకి జరుగు. నాకేం కనబడట్లేదు."

కంప్యూటర్‌ని పక్కకి పడుకోబెట్టి, ఫ్యాను వైరు ఊడదీసి, మూలల్లోని స్క్రూలు ఎదురెదురువి కొంచెం కొంచెంగా వదులు చేశాను. దిమ్మను అటూ ఇటూ మెల్లిగా తిప్పితే ఊడి చేతిలోకి వచ్చింది. అడుగునంతా తెల్లటి పేస్టు.

"అదేంటే, పళ్ళపేస్టు పూశాడా?"

"కాదత్తయ్యా, ఇది ఉండాల్సిందే. చిప్పుకీ దిమ్మకీ మధ్య సందు లేకుండా, వేడి ఇటు నుంచి అటు పోవడానికి."

దెబ్బలకి రాసే స్పిరిట్‌తో పాత గుడ్డ తడిపి తుడిచాను. పేస్టు పోయిన చోట ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి. అక్షరాల చుట్టూ, అద్దంలా పల్చటి ప్లాస్టిక్ పొర. దాని మూల ఒకటి కొద్దిగా లేచి ఉంది.

"ఏం రాసుందే?"

"బిగించే ముందు ఈ కవరు తీసేయండి అని."

టార్చి వెలుగు ఒక్కసారి వణికింది. మా ఇంటి సంగతి తెలియనివాళ్ళకి ఆ వణుకు అర్థం కాదు. ఈ ఇంట్లో కొత్త వస్తువుకి వచ్చిన కవరు తీయరు. టీవీ రిమోట్ ఇంకా దాని సంచిలోనే ఉంది, ఏ బటనూ ఒక్క నొక్కుకి పలకదు. ఫ్రిజ్ తలుపు మీద నీలం పొర అంచులు చుట్టుకుపోయి కూడా అక్కడే ఉంది. ఎండాకాలం సోఫాలో కూర్చుని లేస్తే ఒళ్ళు చర్రుమంటుంది. పెళ్ళయిన కొత్తలో మా పరుపు ఇటు తిరిగితే కరకర, అటు తిరిగితే కరకర. పక్క గదిలో అత్తయ్యా మామయ్యా. సరే, ఆ సంగతి వదిలేద్దాం. తీస్తే పాతబడిపోతుందని అత్తయ్య నమ్మకం. ఆ నమ్మకంలో పెరిగిన కొడుకు, మెరిసే రాగి రేకు మీద కవరు చూసి, దాని మీదే జాగ్రత్తగా పేస్టు రాసి, బిగించేశాడు.

నేను తలెత్తి అత్తయ్యని చూశాను. నవ్వు ఆపుకోవడానికి టార్చిని గోడకేసి తిప్పేసింది. ఆగలేదు.

"అచ్చంగా నా కొడుకే! నా పెంపకమే!" అంటూ నేల మీద చతికిలబడి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వులో నా కాలు తగిలి స్క్రూల గిన్నె బోర్లాపడింది. ఇద్దరం మోకాళ్ళ మీద పాకుతూ స్క్రూలేరుకున్నాం, ఒకరినొకరు చూసుకుంటే మళ్ళీ నవ్వు.

"పీకు. ముందు దాన్ని పీకు," అంది.

లేచిన మూలని గోటితో పట్టుకుని లాగాను. చర్ర్‌మని ఊడొచ్చింది. కింద రాగి, కొత్త నాణెంలా తళతళలాడింది.

కూలర్‌తో వచ్చి మిగిలిన పేస్టు శనగగింజంత పెట్టి, దిమ్మను తిరిగి కూర్చోబెట్టి, స్క్రూలు ఎదురెదురువి బిగించాను. ఫ్యాను వైరు పెట్టాను. స్విచ్ వేశాను. వీడియో పని మొదలుపెట్టి అంకెకేసి చూశాను. ఎక్కింది, ఎక్కింది, డెబ్బై దగ్గర ఆయాసం తీర్చుకున్నట్టు ఆగి, అక్కడే కూర్చుంది. వెనక అరచెయ్యి పెట్టాను. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కా మీద పెట్టినంత వెచ్చగా ఉంది గాలి. అంత మంచి గాలి నేనెప్పుడూ ఎరగను. తెర మీద విత్తనం పగిలింది, వేరు తొంగిచూసింది, ఆగలేదు. పచ్చటి ఆకులు రెండూ విప్పుకుని పాఠం చివరిదాకా వెళ్ళింది. పంపేశాను.

వెనక ఏదో చర్ర్‌మంది. తిరిగి చూస్తే అత్తయ్య రిమోట్ సంచి చింపుతోంది. ఒక్క నొక్కుకి టీవీ పలికింది. కాసేపు రిమోట్‌కేసి, కాసేపు నాకేసి చూసి, "సోఫా ఒక పక్క పట్టుకో" అంది.

ఇద్దరం చెరో అంచు పట్టి లాగాం. వచ్చినప్పుడే మసకగా ఉండి, ఏళ్ళుగా పసుపెక్కిన ప్లాస్టిక్ కింద నుంచి లేత ఆకుపచ్చ గుడ్డ బయటికొచ్చింది. అత్తయ్య దాన్ని అరచేత్తో నిమిరింది.

"ఇది ఆకుపచ్చే! నేను షాపులో ఆకుపచ్చే అడిగాను. మీ మామయ్య బూడిదరంగుది తెచ్చాడని ఇన్నేళ్ళూ తిట్టానే!"

చెల్లెలింటికి వెళ్ళి ఉన్న మామయ్యకి వెంటనే ఫోన్ చేసింది. "ఏవండీ, మన సోఫా ఆకుపచ్చదే. మిమ్మల్ని తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నా. అన్నీ కాదులెండి, సోఫా గురించినవి."

అంతలో నా ఫోన్ మోగింది. మేడం.

"అందిందమ్మా. ఆ వేరు బయటికొచ్చే చోట ఒక్క క్షణం ఆపావు చూడు, బాగుంది. సోమవారం నుంచి చేరతావా?"

ఇంట్లో అడిగి చెప్తానండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదీ ఒక పొరే. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని తీయకుండానే మాట్లాడుతున్నాను.

"చేరతాను మేడం," అన్నాను.

సాయంత్రం మా ఆయన గుమ్మంలో నిలబడి, పొరబాటున ఇంకొకరి ఇంటికి వచ్చినట్టు లోపలికి తొంగిచూశాడు. ఆకుపచ్చ సోఫా. తెల్లటి ఫ్రిజ్. హాలు మధ్య ప్లాస్టిక్ గుట్ట. సోఫాలో కాళ్ళు ముడుచుకుని అత్తయ్య. రోజూ ఇంటికొచ్చి, సాక్సులు విప్పుతూ నన్ను ఒక మాట అడుగుతాడు. సరదాకే. ఇంట్లో ఆ మాటలేంట్రా అని అత్తయ్య కసురుతుంది. ఈ రోజూ అలవాటు కొద్దీ అదే వచ్చింది నోటికి.

"పొద్దున్నుంచీ ఏం పీకావ్?"

అత్తయ్య కసరలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది.

నేను టేబుల్ మీద దాచి ఉంచిన చిన్న పొర తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇదండీ."

దీపానికి ఎదురుగా పట్టుకుని ఎర్ర అక్షరాలు చదివాడు. మళ్ళీ చదివాడు. చెవులు ఆ అక్షరాల రంగులోకి వచ్చాయి.

"కొత్తది కదా... గీతలు పడతాయేమోనని..."

"ఇన్నాళ్ళూ నేనేం నొక్కలేదండీ," అన్నాను.

మెల్లిగా వెళ్ళి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. సోఫా ఏ చప్పుడూ చెయ్యలేదు. ఆ చప్పుడు లేకపోవడానికే ముందు నవ్వొచ్చినట్టుంది ఆయనకి, తర్వాత తన పనికి. ముగ్గురం నవ్వాం. సోమవారం నుంచి, సెలవు రోజైనా సరే, పొద్దున్నంతా కంప్యూటర్ నాకు కావాలన్నాను. మరి నా మ్యాచో అన్నాడు. మిగతా వేళల్లో ఎంతసేపైనా చూసుకోండి, ఇక వేడెక్కదన్నాను. టీ అన్నాడు. నేను కదల్లేదు. అత్తయ్య కూడా కదల్లేదు. కాసేపు చూసి తనే లేచి వంటింటి వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"అవునూ, నా స్క్రూడ్రైవర్ ఏది? ఇలా ఇవ్వు, డబ్బాలో పెట్టేస్తా."

"నా సొరుగులో ఉందండీ," అన్నాను. "కావాల్సినప్పుడు అడగండి, ఇస్తాను."

అత్తయ్య ఆకుపచ్చ గుడ్డని నిమురుతూనే ఉంది.

"అడిగితే ఇస్తుందిలేరా," అంది. "ఎందుకూ అని మాత్రం అడుగుతుంది."