హోనోలులు నుంచి చెన్నై దాకా తల్లి రొయ్యలతో

నేను ఒక థర్మోకోల్ పెట్టెను. తేలిగ్గా తీసిపారేయకండి. మీ టీవీ చుట్టూ పెట్టి పంపే ముక్కలు మా జాతివే అయినా, నా పని వేరు. నేను హవాయి దీవుల నుంచి చెన్నైకి ప్రాణాలు మోసుకొచ్చాను.

పుట్టిన వారానికే నన్ను అక్కడి రొయ్యల కేంద్రానికి తెచ్చారు. గుడ్లు పెట్టే తల్లి రొయ్యల్ని ఒక్కొక్కటిగా పట్టి, ముక్కు మీది ముల్లు సంచిని పొడవకుండా చిన్న రబ్బరు గొట్టం తొడిగారు. చల్లటి ఉప్పునీళ్ళ సంచుల్లో వేసి ఆక్సిజన్ నింపారు. మహారాణులకైనా అంత మర్యాద జరగదు. సంచుల్ని నాలో సర్ది, మూత బిగించి, నా మీద కృపావరం పేరు అంటించారు. అతనిది బాపట్ల దగ్గర సూర్యలంకలో హేచరీ. గుడ్లు పొదిగించి, రొయ్యపిల్లల్ని చెరువుల వాళ్ళకు అమ్ముతాడు. కిందటేడు తెగులొచ్చి తల్లులన్నీ పోయాయి. భార్య మార్తమ్మా అతనూ తొట్లు కడిగి ఆరబెట్టి, నాలో ఉన్న వాటి మీదే ఆశ పెట్టుకున్నారు. ఇవీ పోతే హేచరీకి తాళమే.

నేరుగా కొలిస్తే హోనోలులు నుంచి చెన్నైకి పన్నెండు వేల ఆరు వందల కిలోమీటర్లట. గాలిలో పదహారు, పదిహేడు గంటల ప్రయాణమట. మనుషుల లెక్కలు ఇలాగే ఉంటాయి. నేరుగా వెళ్ళే విమానం ఒక్కటీ లేదు. దిగాలి, ఎక్కాలి, మళ్ళీ దిగాలి. నేల మీద పడిగాపులు కాసే గంటల్ని ఎవరూ ప్రయాణంలో కలపరు.

మధ్యలో ఒక ఊళ్ళో గాలివాన పట్టుకుంది. రెండో విమానం కదల్లేదు. ప్రయాణికులు ఏసీ హాల్లో కూర్చుని కాఫీ బాగాలేదని సణుగుతుంటే, నేను సరుకుల షెడ్డులో ఉక్కపోతలో పడి ఉన్నాను. సంచుల్లో ఆక్సిజన్ తరిగిపోతుంటే నేనేమీ చేయలేను. వేడిని మాత్రం గోడ దాటి లోపలికి రానివ్వలేదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి.

అనుకున్న రోజు దాటిపోయాక చెన్నైలో దిగాం. క్వారంటైన్ కేంద్రంలో నా మూత తీశారు. సంచుల్ని విప్పకుండానే తొట్టి నీళ్ళలో తేల్చి, లోపలి చలువ, బయటి చలువ ఒకటయ్యేదాకా ఆగారు. కృపావరాన్ని లోపలికి రానివ్వరు కాబట్టి అద్దం అవతల నిలబడ్డాడు. సంచులు విప్పగానే రొయ్యలన్నీ అడుక్కి జారి పక్కకి ఒరిగిపోయాయి. అతను కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఒకటి కాళ్ళాడించింది. తర్వాత ఇంకొకటి. రెండు మాత్రం ఎంతకీ లేవలేదు. వాటిని తలచుకుంటే నా గర్వం కాస్త చిన్నబోతుంది.

ఖాళీ అయిన నన్ను ఇంటికి తీసుకెళ్తానని కృపావరం అడిగాడు. బయటి దేశపు తెగులేదైనా నాకు అంటి ఉండొచ్చని, కాల్చేయడమే నియమమని అధికారిణి నచ్చజెప్పింది. సబబే. ఒకసారి తెగులుతో ఖాళీ అయిన తొట్ల దగ్గరికి మళ్ళీ తెగులును నేనే మోసుకెళ్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఇప్పుడు పెరట్లో, కాల్చే యంత్రం పక్కన నా వంతు కోసం చూస్తున్నాను. నాకేం బెంగ లేదు. తొట్ల గది అద్దాల కిటికీ దగ్గర కృపావరం ఫోన్‌లో మార్తమ్మతో మాట్లాడుతున్నాడు. ఎన్ని బతికాయని ఆమె అడగలేదు.

“ఏమయ్యా, మేత ముట్టినయ్యా?”

అతను అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు చూశాడు.

“ముట్టినయ్యే. తింటన్నయ్. నువ్వు తొట్లకి నీళ్ళు పట్టు.”