దర్జీ అమ్మ మాటల ఫైలు

రోజూ పదింటికి అమ్మ కుట్టుమిషను ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుంటుంది. పక్క గదిలో తమ్ముడు తాను తయారుచేస్తున్న గేమ్ తెరుస్తాడు. తెర మీద చిన్న కుట్టు కొట్టు, అందులో బొమ్మ దర్జీ. దగ్గరికి వెళితే ఆ బొమ్మ ఒక మాట అంటుంది. అదే మాట ఇటు అమ్మ నోటి నుంచి వస్తుంది. ఆ రోజుకు అమ్మ మాట్లాడేది అంతే.

ఇది అక్క చేతి చలవ. దర్జీకి మాటలు కావాలని తమ్ముడు అడిగితే, అమ్మ ఎత్తిపొడుపులు అరవై ఏరి, వరసకొకటిగా టెక్స్ట్ ఫైల్లో రాసిచ్చింది. ఆ ఫైలును ప్రాజెక్టులోకి తెచ్చుకున్న రోజునుంచి అమ్మ నోరు ఫైలు వెంట నడిచింది. ఎవరూ వింతపడలేదు. గుడ్డలు తెచ్చేవాళ్ళు పదికి ముందే వచ్చి కూర్చునేవాళ్ళు, ఇవాళ ఎవరి వంతో అని. "నీ నడుముకు టేపు చాలదు, తాడు తెచ్చుకో" అన్న రోజున, ఆ మాట పడ్డ రొట్టెల కొట్టాయనే అందరికంటే ఎక్కువ నవ్వాడు.

భయం తెర మూలనున్న అంకెతో మొదలైంది. ఇంకా ఎన్ని మాటలున్నాయో అది చూపిస్తుంది. మాటలైపోయిన బొమ్మ లేచి, కొట్టు తలుపేసి వెళ్ళిపోవాలని తమ్ముడు మొదట్లోనే రాసిపెట్టాడు. ఆ నియమం తీసేయబోతే అమ్మకు ఊపిరాడలేదు. గేమ్ తెరవకుండా ఒక రోజు ఊరుకుంటే, మధ్యాహ్నానికి అమ్మ వేళ్ళు పలచబడి, వాటి వెనక సూది కనిపించింది. పరుగెత్తి తెరిచారు.

అందుకే అక్క రోజూ కూర్చుని కొత్త మాటలు చేర్చసాగింది. నలభై చేర్చింది. అంకె మాత్రం తగ్గుతూనే ఉంది. తొమ్మిది. నాలుగు. పాతవి అయ్యాక కొత్తవి లెక్కకొస్తాయేమో అనుకుంది. కాదంటాడేమోనని తమ్ముణ్ణి అడగలేదు. అక్క చూసుకుంటోందిలే అని తమ్ముడు ఊరుకున్నాడు.

"దారం అయిపోయింది, వెళ్ళిరండి" అని అమ్మ అరవయ్యో మాట అంది. మూలన సున్నా పడింది. అమ్మ చేతులు మోచేతుల దాకా గాజులా అయ్యాయి.

"నలభై రాశానురా, అవన్నీ ఏమైనట్టు?" అంది అక్క.

"ఎక్కడ రాశావు?"

ఆమె తన కంప్యూటర్లో ఫైలు చూపించింది. తమ్ముడు దాన్నీ ప్రాజెక్టులో ఉన్న ఫైలునూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"అక్కా, ప్రాజెక్టులోకి తెచ్చిన రోజే దీనికి నకలు పుట్టింది. గేమ్ చదివేది ఆ నకలునే. నువ్వు రాసిందంతా ఇక్కడే ఉండిపోయింది. మళ్ళీ తెచ్చుకోవాలి."

ఈలోగా అమ్మ వెనకొచ్చి నిలబడింది. గుడ్డలకు కట్టే చీటీల మీద పేర్లు రాయడానికి యాభయ్యో ఏట అక్షరాలు నేర్చుకున్న మనిషి. వేలు పెట్టి కొత్తవి చదివింది. 'నా బంగారాలు, అలిసిపోయారా' అని ఉంది. కిందవన్నీ అలాంటివే, భయంతో రాసినవి. అమ్మ చేదు మింగినట్టు మొహం పెట్టి, అయిపోయిన అరవైతో సహా అన్నీ చెరిపేసింది.

"అమ్మా, ఖాళీ ఫైలు తెస్తే నువ్వు ఉండవు" అంది అక్క.

అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కనపడీ కనపడని వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కింది. తప్పు పడితే చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె భుజాల్లోంచి గోడకు తగిలించిన చొక్కా కనిపిస్తోంది. పట్టుకుంటే ఆగుతుందన్నట్టు అక్క ఆమె నడుము పట్టుకుంది. ఒక్క వరస పూర్తయ్యాక అమ్మ లేచింది. తమ్ముడు ఫైలును ప్రాజెక్టులోకి లాగి వదిలాడు. తెర మీద చక్రం తిరిగింది. చాలాసేపు తిరిగింది.

సున్నా పోయి ఒకటి పడింది. అమ్మ చేతులకు రంగొచ్చింది. వెళ్ళి మిషను తొక్కుకుంది.

మర్నాడు పదింటికి ఆమె అన్న మాట ఇది:

"నోరు నాది. కొలతలు మీవా?"

అప్పటినుంచి రోజూ పదింటి మాట అనగానే, రేపటి మాట అమ్మే రాసుకుంటుంది. ఒక్కటే. పదైనా రాసిపెట్టమని అక్క బతిమాలుతుంది. అమ్మ సూదిలో దారం ఎక్కించి, చాలినంత తెంపి చూపిస్తుంది. అక్క తలాడించి, తమ్ముడు ఫైలు లోపలికి తెచ్చాక వెళ్ళి మూలన అంకె చూస్తుంది. ఒకటి కనిపించాకే అన్నానికి కూర్చుంటుంది.