బడి వరండా

"చొక్కా ఇస్త్రీ అయ్యాక ఇది కూడా సాపు రాసి పెట్టు, సాయంత్రం అచ్చు ప్రెస్సుకివ్వాలి," అంటూ మా ఆయన కాగితాల కట్ట నా ముందు పెట్టి కమిటీకి వెళ్లారు. మా చర్చి నడిపే ఆడపిల్లల బడికి యాభయ్యేళ్లు నిండాయి. ఆ చరిత్ర రాసే పని సంఘ కార్యదర్శిగా ఆయనది. ఆయన కోడిగీతలు ఎవరికీ అంతుపట్టవు కాబట్టి ఇరవయ్యేళ్లుగా చర్చి కాగితాలన్నీ నా దస్తూరీలోనే వెళ్తాయి. సంతకం ఆయనది. నేను రాసింది చదవరు కూడా. "నేను చెప్పిందేగా నువ్వు రాసేది," అంటారు.

నాకు ఇస్త్రీపెట్టె పట్టుకుంటే చొక్కా కాలుతుందని భయం, కలం పట్టుకుంటే సిరా ఒలుకుతుందని భయం. అందుకే రాసే కాగితం మీంచి చూపు తిప్పక్కర్లేకుండా మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి చదవమన్నాను.

"ఆరంభంలో పదకొండుమందే ఉన్న బాలికలు మరుసటి ఏటికి దైవకృపవల్ల అరవైమంది అయ్యారు," అని చదివి అది ఆగింది. "ఎలా అయ్యారమ్మా?"

ఎలా అయ్యారో నాకు తెలుసు. నాలుగేళ్ల తర్వాత నేనూ అలాగే చేరాను. అప్పట్లో ఏ ఆడపిల్ల చంకలో చూసినా తమ్ముడో చెల్లెలో ఉండేవాళ్లు. ఇంటింటికీ తిరిగి బైబిలు వాక్యం చెప్పే మా అత్తయ్య, అంటే మా ఆయన తల్లి, పిల్లని బడికి పంపమంటే ప్రతి గడపలోనూ "పసివాణ్ణి ఎవరు చూస్తారు?" అన్న మాటే వినీ వినీ, "నాకివ్వండి" అన్నారట. బడి వరండాలో చాప పరిచి, ఒకణ్ణి భుజాన, ఒకణ్ణి ఒళ్లో వేసుకుని, మిగతావాళ్లు పాక్కుంటూ పోకుండా కాళ్లు అడ్డం చాపుకుని కూర్చునేవారు. మా తమ్ముడు ఆ ఒళ్లో ఉంటే, గోడకి ఇవతల నేను ఈ గుండ్రటి అక్షరాలు దిద్దుకున్నాను.

ఇది కూడా రాయమని పోయిన వారమే ఆయనతో అన్నాను. "పిల్లల్ని ఆడించడం ఇంటిపని. చరిత్రలోకెందుకు?" అన్నారు.

అత్తయ్య మంచం మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నారు. ఆవిడకి చెవుడు. దగ్గరికెళ్లి, "మీ సంగతి పుస్తకంలో రాయనా?" అని అరిచినట్టే అడిగాను.

"ముక్కులు తుడవడం కూడా రాస్తారుటే? మీ తమ్ముడు నా ఒళ్లు తడపని రోజు లేదు, అది రాయి," అని నవ్వారు. ఉల్లిపాయ మీంచి చూపు తియ్యకుండా, "నిజంగానే రాస్తావా?" అన్నారు.

నాలుగో పేజీలో ఎనిమిది వాక్యాలు రాశాను. రాసినంతసేపూ ఒకటే భయం. కమిటీ నవ్వుతుంది, ఇంటివాళ్ల గొప్పలు రాసుకున్నారంటుంది, ఈయన పదవి పోతుంది, అమ్మాయిని బడిలో వేలెత్తి చూపిస్తారు. అంతలోనే, ఈయన చదవరు కదా, చప్పుడు లేకుండా అచ్చయిపోతుందిలే అనిపించి ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన వచ్చీ రాగానే కలం మూత తీశారు. "సరిగ్గా రాశావుగా?"

చాప మీద కూర్చున్న మనిషి పుస్తకంలోకి దొడ్డిదారిన రావాలా?

"సంతకం తర్వాత. ముందు నాలుగో పేజీ చదవండి," అన్నాను. "కాస్త గట్టిగా చదవండి, అత్తయ్యకి వినపడాలి."