ఎరుకమ్మ బండీ, పడవ జీపీయస్సూ

పొద్దున్నే బండి తీసే ముందు ఎరుకమ్మ జీపీయస్‌కి ఆకాశం చూపించాలి. కొబ్బరిచెట్ల కింద నిలబెడితే దానికి చుక్కలు దొరకవు. సెటిలైట్లు అనాలట గానీ, మొగుడు సూరయ్య చుక్కలనే అనేవాడు కాబట్టి ఆమెకీ అవి చుక్కలే. మోటారుసైకిలు వెనక చేపల డబ్బా కట్టుకుని, టేకిరీ అంచున బోడిబండ దాకా తోసుకొచ్చి, స్టాండు వేసి కాసేపు నిలబడుతుంది. టేకిరీ అంటే గుట్ట. అండమాన్లో తెలుగువాళ్ళకైనా బెంగాలీలకైనా గుట్ట టేకిరీయే.

నిజానికి అది బండి మీద పెట్టుకునే యంత్రం కాదు. చేపల సొసైటీ వాళ్ళు పడవలకని ఇచ్చింది. అరచేతిలో పట్టేంత నల్లటి దిమ్మ, పైన పొట్టి కొమ్ము, ముఖాన కొన్ని బొత్తాలు. దాన్ని హ్యాండిలుకి పాత సైకిలు ట్యూబు ముక్కతో బిగించింది. వానకి తడవకుండా పాల కవరు తొడిగింది. బండి గతుకులో ఎగిరినప్పుడల్లా లోపలి సెల్లులు కదిలి ఆరిపోతోందని మూత కింద వల బెండు ముక్క ఒకటి దూర్చింది. ఇంత చేసినా అప్పుడప్పుడూ అలుగుతుంది. అలిగినప్పుడు ఎరుకమ్మ దాన్ని సూరయ్యని తిట్టినట్టే తిడుతుంది.

సూరయ్యకి ఆ యంత్రం చేతికొచ్చిన రోజు పట్టపగ్గాల్లేవు. సముద్రంలో చేపల తావులు గుర్తు పెట్టుకోరా అని ఇస్తే, ఆయన ముందు దాన్ని బండికి కట్టి గంగమ్మరేవు ఊరంతా తిరిగాడు. తన ఇల్లు, రేవు, తల్లి దేముడమ్మ మేకల కొట్టం, మలుపు దగ్గర తూము, ఊరి పొలిమేరలో గోవిందు టీకొట్టు, అన్నీ గుర్తులు పెట్టుకున్నాడు. "ఇంటికి దారి తెల్దేట్రా నీకు?" అని తోటివాళ్ళు పడీపడీ నవ్వారు. ఆ యంత్రంలో చేపల తావులు మూడో నాలుగో ఉంటాయి, మిగతాదంతా ఊరే.

సునామీ వచ్చిన ఆదివారం ఎరుకమ్మ ఆ యంత్రానికి సెల్లులు కొనడానికి బండి మీద పోర్ట్ బ్లెయిర్ బజారుకెళ్ళింది. సూరయ్య పడవ కట్టడానికి రేవులో ఉండిపోయాడు. అల వెనక్కి పోయింది గానీ నీళ్ళు పోలేదు. ఆ వైపు నేలే కుంగిపోయింది. వరిమళ్ళు, ఇళ్ళు, తారురోడ్డు ఉప్పునీళ్ళ కింద ఉండిపోయాయి. బతికినవాళ్ళలో కొన్ని కుటుంబాలు టేకిరీ ఎక్కి, ఇక దిగేది లేదన్నారు.

అప్పట్నుంచీ ఆ రోడ్డు ఎరుకమ్మ బండికి లేస్తోంది. చుక్కలు దొరకగానే ఆమె సూరయ్య పెట్టిన గుర్తు ఒకటి నొక్కుతుంది: వెళ్ళేటప్పుడు అవతలి గట్టున మిగిలిన గోవిందు కొట్టు, వచ్చేటప్పుడు ఇల్లు. తెర మీద ముల్లు నీళ్ళ వైపు తిరుగుతుంది. గేరు వేసి దిగుతుంది. ముందు చక్రం నీళ్ళకి తగిలే వేళకి కింద నుంచి తారు పైకొస్తుంది, బండికి ముందు కొంచెం, వెనక కొంచెం. బండి దాటాక మళ్ళీ మునిగిపోతుంది. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. రోడ్డు లేచినప్పుడు నీళ్ళు చింది తన బెంచీ తడిసిపోతోందని గోవిందుకి మాత్రం ఫిర్యాదు. టేకిరీ మీదకి కిరసనాయిలో బియ్యమో పంపాల్సినవాళ్ళు ఆ తడి బెంచీ మీదే కూర్చుని ఆమె కోసం చూస్తారు.

ఆ యంత్రానికి పక్కన ఒక ఎర్ర బొత్తం ఉంది. దాన్ని ఆమె ఎన్నడూ ముట్టలేదు. పడవ మీంచి మనిషి నీళ్ళలో పడితే అది నొక్కాలి. నొక్కితే యంత్రం ఆ చోటు పట్టుకుంటుంది. మనిషిని పైకి లాగి, దొరికాడని మళ్ళీ నొక్కేదాకా ముల్లు ఇంకెటూ తిరగదు. ఊరికే మాత్రం నొక్కకూడదు. నొక్కితే పడిందెవరని గంగమ్మ తల్లి అడుగుతుంది, జవాబు చెప్పి తీరాలి. అది రేవులో అందరి కట్టుబాటు. ఆ ఆదివారం యంత్రం ఎరుకమ్మ దగ్గరుంది, మనిషి నీళ్ళలో ఉన్నాడు, ఏ చోట పడ్డాడో ఎవరికీ తెలీదు. అది తల్చుకున్నప్పుడల్లా ఆమెకి ఏడుపు కన్నా ముందు కోపం వస్తుంది. ఎవరి మీదో చెప్పమంటే సముద్రం మీద అంటుంది.

ఏడేళ్ళు ఇలా గడిచాక సర్కారు ఆఫీసు వాళ్ళకి టేకిరీ గుర్తొచ్చింది. రోడ్డు లేని చోట మనుషులు ఉండకూడదట. సోమవారం పడవ పెడతారట, అందర్నీ మాయాబందర్ అవతల కొత్తగా కట్టిన రేకుల ఇళ్ళకి తీసుకుపోతారట. ఈలోగా ఒక అధికారి వచ్చి రోడ్డు లేదని కళ్ళారా చూసి వెళ్ళాలి.

ఆ మాట విని దేముడమ్మ తవ్వుతున్న కందదుంప పక్కన పడేసింది. ముసలిదానికి నడుం వంగింది గానీ గొంతు వంగలేదు.

"నా కొడుకు నీల్లలో ఉన్నాడు. ఆడెప్పుడు గట్టెక్కినా ముందు ఈ టేకిరీయే అవుపడతాది. ఇక్కడ మనిసి లేకపోతే ఆడెవులి దగ్గరికెల్తాడే, ఎరుకూ? నాను కదల్ను. పడవొస్తే పడవలో ఆల్లనే కూకోమను."

"నువ్వు కదలక్కర్లేదత్తా," అంది ఎరుకమ్మ. "నాను సూసుకుంటాను."

ఎలా చూసుకుంటుందో ఆమెకే తెలీదు. కానీ ఆ మాట అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు.

అధికారి పేరు తిరుమలరావు. వాళ్ళ నాన్న మేస్టరుద్యోగం మీద కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, కొడుకు పోర్ట్ బ్లెయిర్లోనే పుట్టాడు. దుర్మార్గుడేం కాదు. రూలు చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూడడు, అంతే. శుక్రవారం పొద్దెక్కాక కొత్త మోటారుసైకిలు మీద గోవిందు కొట్టు దగ్గర దిగాడు. ఆయన బండికీ జీపీయస్ ఉంది, రంగుల తెరది, హిందీలో ఆడగొంతుతో మాట్లాడేది. నీళ్ళ అంచుకి రాగానే అది "యూ టర్న్ లీజియే" అంది.

"చూశావుగా," అన్నాడు ఎరుకమ్మతో. "దీనికి కూడా రోడ్డు కనిపించట్లేదు."

"మీ దానికి ఈ ఊరు కొత్త, సార్. రండి, నాను సూపిత్తాను."

"నీకు లేస్తుందని నాకు తెలుసమ్మా, ఊరంతా చెప్పారు. నేను కాదనట్లేదు. కానీ అది నీ దారి. ఎవరి బండైనా, ఎప్పుడైనా, ఒక్కటే వెళ్ళి రాగలిగితేనే రోడ్డంటారు. రూలు అది."

"అయితే ఆ ముక్క మా అత్తతోటి మీ నోటితోనే సెప్పండి. కొడుకు కోసం సూడకు, లెగిసి పడవెక్కు అని సెప్పండి."

తిరుమలరావు గ్లాసులో మిగిలిన టీ వంక చూశాడు. గోవిందు అందుకుని, "జాయియే సాబ్, దీదీ బండికి చక్రం ఆనించి పోనివ్వండి, దూరమైతే మునుగుతారు," అన్నాడు. ఇక తప్పక ఆయన హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఎరుకమ్మ ఇంటి గుర్తు నొక్కింది. రోడ్డు లేచింది, బెంచీ తడిసింది, గోవిందు గొణిగాడు. రెండు బళ్ళూ ముందూ వెనకా బయల్దేరాయి. తారు మీద చిన్న పీతలు పక్కలకి పరిగెడుతున్నాయి. తిరుమలరావు తెరంతా నీలం, మధ్యలో ఆయన బండి బొమ్మ ఈదుతోంది. ఆడగొంతు ఆగకుండా వెనక్కి తిరగమని బతిమాలుతూనే ఉంది. "చుప్ కరో," అన్నాడాయన దానితో, భయంగా.

ఊరి మలుపులో, తూము మీద, ఎరుకమ్మ బండి గతుకులో ఎగిరింది. బెండు ముక్క జారింది. తెర ఆరిపోయింది.

రోడ్డు దిగడం మొదలెట్టింది. మొదట చక్రాలు, తర్వాత వాళ్ళ చెప్పులు మునిగాయి. సైలెన్సర్లు గుడగుడమని రెండింజన్లూ ఆగిపోయాయి.

"ఎరుకమ్మా! నాకు ఈత రాదు!"

"దీవుల్లో పుట్టి ఈత రాదేటి, సార్?"

"క్వార్టర్స్‌లో పెరిగానమ్మా! ముందు దాని సంగతి చూడు!"

ఆమె చూస్తూనే ఉంది. పళ్ళతో పాల కవరు చింపి, మూత తీసి, సెల్లులు సర్ది, బెండు బలంగా దూర్చింది. తెర వెలిగింది గానీ చుక్కలు ఇంకా రాలేదు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఆ పక్కనే, నీళ్ళ అడుగున, ఎండకి కదులుతూ ఒక పెంకుటింటి కప్పు కనబడుతోంది. అది ఆమె ఇల్లే. రోజూ దాని పక్క నుంచే పోతుంది, కానీ బండి ఆపి చూసింది ఎప్పుడూ లేదు. వంటగది మీద సూరయ్య మార్చిన రెండు కొత్త పెంకులు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి.

చుక్కలు దొరికాయి.

"దొరికాయా? ఇల్లు నొక్కు, తొందరగా!" అన్నాడు తిరుమలరావు.

ఇల్లు నొక్కితే రోడ్డు లేస్తుంది, ఇద్దరూ గట్టెక్కుతారు. ఆయన దేముడమ్మకి చెప్పాల్సింది చెప్తాడు. సోమవారం పడవ వస్తుంది. ఎరుకమ్మ వేలు ఆ బొత్తం మీద దాకా వెళ్ళి ఆగింది. ఏడేళ్ళుగా బండి పట్టేంత ముక్క చాలనుకుంది, అదే సముద్రం తనకి పెట్టిన భిక్ష అనుకుంది. ఎవడిక్కావాలి భిక్ష? ఆమెకి ఒళ్ళు మండింది. ఎర్ర బొత్తం నొక్కింది.

యంత్రం పొడుగ్గా కూసింది. అలలు ఒక్కసారిగా సద్దుమణిగాయి. ఆ బొత్తమేమిటో దీవుల్లో తెలియనివాళ్ళు లేరు. తిరుమలరావు నాలుగు వైపులా చూశాడు.

"ఎవరు పడ్డారు?" అన్నాడు. ఆయనే అడిగాడో, ఆయన నోటితో ఇంకెవరు అడిగారో గానీ, ఎరుకమ్మ జవాబు మాత్రం నీళ్ళకే చెప్పింది.

"ఊరు పడింది! గంగమ్మరేవు పడింది. నా మొగుడొక్కడే కాదు, ఇల్లూ వాకిలీ, మల్లూ మేకలూ, రోడ్డూ, మొత్తం పడింది. ఏడేల్లు నీల్లలో ఉన్నాది. పైకి లాగాల. లాగేదాకా నానిక్కడి నుంచి కదల్ను. ఏటి సేసుకుంటావో సేసుకో!"

ముల్లు గిర్రున తిరిగి ఆమె కాళ్ళ కిందికి చూపిస్తూ ఆగింది.

రోడ్డు లేచింది. ఈసారి బండి పట్టేంత కాదు. గోవిందు కొట్టు నుంచి టేకిరీ మొదలు దాకా, వంగిన కరెంటు స్తంభాలతో, గవ్వలు పట్టిన మైలురాయితో, మొత్తం ఒక్కసారే లేచింది. తూములోంచి నీళ్ళు హోరుమని ఇటునుంచి అటు పోయాయి. మళ్ళీ మునుగుతుందేమోనని ఇద్దరూ తడి బట్టలతో కాచుకున్నారు. రోడ్డు దిగలేదు.

ఎరుకమ్మ ఆయన బండి ప్లగ్గు ఊడదీసి కొంగుతో తుడిచి ఇచ్చింది. "మీరొక్కరే ఎల్లండి, సార్. నాను రాను. రూలు కదా."

ఆయన చాలాసేపు కిక్కు కొడితే ఇంజను అందుకుంది. తెర మీద నీలం మధ్యలో బూడిదరంగు గీత ఒకటి పడింది. ఆడగొంతు కాస్త తటపటాయించి, "సీధా చలియే," అని నేరుగా పొమ్మంది. తిరుమలరావు ఒక్కడే టేకిరీ మొదలు దాకా వెళ్ళాడు, బండి ఆపి పైకెక్కాడు.

దేముడమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చూపు సరిగా ఆనదు. తడిసిన మగమనిషి ఒకడు కింద నుంచి వస్తుంటే ఆమె లేచి నిలబడింది. దగ్గరికొచ్చాక కొడుకు కాదని తెలిసి మెల్లిగా మళ్ళీ కూర్చుంది.

"ఎవులు బాబూ నువ్వు? ఏ దార్నొచ్చినావు?"

చెప్పాల్సిన మాటలు ఆయన దారంతా కూడబలుక్కుంటూనే వచ్చాడు. కానీ ఆ ముసలామె లేచి నిలబడడం ఆయన చూశాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఎదుటి మనిషి ముఖంలోకి చూస్తూ జవాబిచ్చాడు.

"రోడ్డు మీద వచ్చానమ్మా," అన్నాడు.

ఆమె ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఒక్కడే బండి నడుపుకుంటూ అదే రోడ్డు మీద వెళ్ళిపోయాడు. సోమవారం పడవ రాలేదు. మంగళవారం దేముడమ్మ కర్ర పట్టుకుని తన కాళ్ళ మీద గోవిందు కొట్టుకి నడిచొచ్చి, పొడి బెంచీ మీద కూర్చుని, టీలో పంచదార తక్కువైందని తగువు పెట్టుకుంది.

తర్వాత ఒకసారి తిరుమలరావు సెలవు రోజున ఊరికే అటు వచ్చాడు. ఎరుకమ్మ బండి మలుపులో ఆగి ఉంది. ముల్లు ఇంకా అక్కడికే చూపిస్తోంది. ఆమె పాత సెల్లులు తీసి కొత్తవి వేస్తోంది.

"రోడ్డు వచ్చేసిందిగా, ఎరుకమ్మా. ఇంక దొరికిందని నొక్కెయ్యొచ్చు కదా. సెల్లులు దండగ."

"రోడ్డొచ్చింది, సార్. నాను రోడ్డు పడిందన్లేదు, ఊరు పడిందన్నాను."

ఆమె బెండు ముక్క దూర్చి మూత బిగించింది. తర్వాత ఆయన్ని పక్కకి జరగమని చెప్పి, నీళ్ళ వైపు చూపించింది. పెంకుటింటి కప్పు మీద, వంటగది వైపు, రెండు ఎర్ర పెంకులు నీళ్ళ పైకొచ్చి ఎండలో ఆరుతున్నాయి.