పాతికో ఏటి బంగారు బిళ్ళ

మా ఆయన డౌవె మంచివాడే. కానీ ఒక చోటికి అలవాటు పడ్డాడంటే పలుగు పెట్టి పెకలించినా కదలడు. మంచు మీద జారడానికి ఇరవై నాలుగేళ్లుగా ప్రతి ఫిబ్రవరిలోనూ మా ఊరు స్నేక్ నుంచి వెయ్యి కిలోమీటర్లు కారు నడుపుకుంటూ ఆస్ట్రియాలోని టాన్‌బాఖ్‌కే పోతున్నాం. అక్కడ బుర్గా గారి పూటకూళ్లింట్లోనే దిగుతాం. మేడ మీద అదే గది, భోజనాల దగ్గర పొయ్యి పక్కన అదే బల్ల.

ఆ ఊళ్లో ఒక మర్యాద ఉంది. పదేళ్లు వచ్చిన అతిథికి కంచు బిళ్ళ, ఇరవై ఏళ్లకి వెండి బిళ్ళ, పాతికేళ్లకి బంగారు బిళ్ళ. బంగారమంటే పూతే లెండి! అయినా మేయరుగారు వేదికెక్కి పేరు చదివి చొక్కాకి గుచ్చుతారు, బాకాల మేళం వాయిస్తారు. డౌవె మొదటి రెండు బిళ్ళల్నీ చెక్కపలకకి గుచ్చి వంటింట్లో తగిలించాడు. మూడోదానికి మధ్యలో చోటు వదిలి ఉంచాడు.

ఇది పాతికో ఏడు. సరిగ్గా ఇప్పుడే నేను టాన్‌బాఖ్ వద్దు, జోనెక్ అని ఇంకో మంచుకొండ ఊరుంది, అక్కడికి వెళ్దామని పట్టుబట్టాను.

ఎందుకో చెప్పేస్తాను, దాచుకుని దాచుకుని నాకూ విసుగొచ్చింది. డౌవెతో వెళ్లడానికి ముందు ఏడాది నేను ఆ ఊరికే, బుర్గా గారింటికే, కాస్పర్‌తో వెళ్లాను. అప్పట్లో పెళ్లి చేసుకుందామనుకున్నవాడు. ఎండాకాలం రాకముందే వాణ్ణి వదిలేశాను గానీ ఊరిని వదలబుద్ధి కాలేదు. డౌవెకి మాత్రం "పేపర్లో ప్రకటన చూశా" అని చెప్పాను. కొత్తగా పెళ్లయినదాన్ని, ఇంకేం చెప్పను? బుర్గా గారు మహాతల్లి, ఆ రోజు గుమ్మంలో నన్ను చూసి "మొదటిసారా అమ్మాయ్, రండి రండి" అంది. రెప్ప కూడా కదల్లేదు.

అంతవరకూ మేం చెప్పిన ఏడే లెక్క. పోయినేడు ఊరి కార్యాలయంలో కొత్తగా చేరిన పిల్ల పాత అతిథుల చీటీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది. నేనొక్కదాన్నే వెళ్లినప్పుడు నన్ను చూడగానే వెలిగిపోయింది.

"మేడమ్, మీకు ఈ ఏడే పాతిక నిండింది! సారుకి ఇంకో ఏడుంది."

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, వచ్చే ఏడు ఇద్దరికీ కలిపి ఇవ్వు" అని బతిమాలాను.

"అలాగే మేడమ్. కానీ మొదటిసారి ఏ ఏడు వచ్చారో వేదిక మీద చదువుతారు కదా."

అదీ నా బాధ. సెప్టెంబరులో ఒక ఆదివారం కాఫీ, బిస్కెట్లు ముందు పెట్టుకుని జోనెక్ సంగతి తెచ్చాను.

"అక్కడ నాలుగింటిదాకా ఎండే. టాన్‌బాఖ్‌లో రెండింటికల్లా కొండ నీడ పడిపోతుంది. నా ముక్కు ఊడిపోతోంది."

"ఇరవై నాలుగేళ్లూ ఊడలేదుగా" అన్నాడు డౌవె.

"అక్కడ వేణ్ణీళ్ల కొలనుంది."

"టాన్‌బాఖ్‌లో బుర్గా గారి సూపుంది."

మా ఇరవై ఏళ్ల కూతురు యెల్మా అందుకుంది. "నాన్నా, ఆ ఊళ్లో కుర్రాళ్లంటే బాకాలు ఊదేవాళ్లే. వాళ్లకీ అరవై దాటాయి. నా ఓటు అమ్మకే."

"ఓహో, ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారన్నమాట."

"కూడబలుక్కోకుండా నీతో నెగ్గగలమా?"

మా ఇంట్లో అన్నీ ఓట్లతోనే తేలతాయి. డౌవె నావైపు కాసేపు చూశాడు. "సరే, జోనెక్" అన్నాడు. కప్పు కడిగి బోర్లించాడు. గోడమీది పలక తీసి, చొక్కా చేత్తో దుమ్ము తుడిచి, సొరుగులో తువాళ్ల కింద పెట్టాడు. అరిచినా బాగుండేది.

మూడు రోజులు ఆ ఖాళీ మేకుని చూస్తూ వంట చేశాను. నా అబద్ధం దాచుకోవడానికి ఆయన బిళ్ళ ఊడగొట్టడమా? సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగోనాడు బుర్గా గారికి ఫోన్ చేసి, మేం వస్తున్నాం, గది ఉంచండి అన్నాను.

"అమ్మా, ఓటు అమ్ముకున్నావా?" అంది యెల్మా.

"అవును. నోర్మూసుకుని సామాను సర్దుకో."

పలక గోడెక్కింది. మర్నాడు డౌవె నా ముక్కుకి ఉన్ని ముసుగు కొనుక్కొచ్చాడు.

దారిలో అంతా చెప్పేద్దామనుకున్నాను. ఒక్కో పెట్రోలు బంకు దగ్గరా ఇప్పుడు కాదు, వచ్చేదాని దగ్గర అనుకుంటూ టాన్‌బాఖ్ చేరిపోయాం. సభ రోజు రానే వచ్చింది. మమ్మల్ని వేదికెక్కించి మేయరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"శ్రీమతి ఫ్రౌక్యె గారు, మొదటి రాక 1990! శ్రీ డౌవె గారు, మొదటి రాక 1991!"

"ఓహో, ఆవిడే ముందు వచ్చిందే!" అని ముందు వరసలో ఎవరో అరిచారు. హాలంతా గొల్లుమంది. బుర్గా గారు తలెత్తి పైకప్పు దూలాలు లెక్కపెట్టడం మొదలెట్టింది. బాకాలు మోగాయి, బిళ్ళలు గుచ్చారు, కిందికి దిగి కూర్చున్నాం.

"డౌవె, అదీ..."

"కాస్పర్" అన్నాడు తన బిళ్ళ సవరించుకుంటూ. "మొదటి ఏడే తెలుసు. సూపు వచ్చేలోగా బుర్గా గారి అతిథుల పుస్తకం తిరగేశా. 'సూపు అమోఘం, కాస్పర్, ఫ్రౌక్యె' అని నీ చేతిరాతే."

"మరి ఇన్నేళ్లూ అడగలేదేం?"

"అడిగితే ఊరు మార్చేదానివి. మొన్న మార్చబోలేదూ? భయపడుతున్నావని తెలిసే సరేనన్నాను."

"నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదు, ఆ వారమంతా వచ్చింది. మళ్లీ ఈ ఊరి మొహం చూడకూడదనుకున్నా. తర్వాత బుర్గా గారి గోడమీద, ఎన్నేళ్లకి ఏ బిళ్ళ ఇస్తారో రాసిన పట్టీ చూశా." ఛాతీ మీది బిళ్ళని వేలితో తట్టాడు. "ఒక్కసారి వచ్చి పోయినవాడికి ఇక్కడ ఏ బిళ్ళా ఇవ్వరు, ఫ్రౌక్యె."

ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. ముక్కు ముసుగుతోనే కళ్లు తుడుచుకున్నాను.

"ఇక నాకు చాలు. వచ్చే ఏడు జోనెక్ వెళ్దాం, నీ ముక్కుకి కాస్త ఎండ తగలనీ" అన్నాడు.

నేను లేచి కార్యాలయం పిల్ల దగ్గరికి వెళ్లి, ఒక మాట అడిగి వచ్చి కూర్చున్నాను.

"ముప్ఫై ఏళ్లకి ఆవు మెడలో కట్టే గంట ఇస్తారట. ఇంటికెళ్లగానే గోడకి ఇంకో మేకు కొట్టు" అన్నాను.