రంగుల కింద నిచ్చెన

"మళ్ళీ మొదలెట్టావా? ఆ నిచ్చెనకేం, ఉక్కు ముక్కలా ఉంది," అన్నాడు భర్త టీ కప్పు కింద పెడుతూ.

"ఉక్కైతే ఎక్కినప్పుడల్లా ఎందుకలా మూలుగుతుంది?" అంది ఆమె.

"మూలిగేది నిచ్చెన కాదమ్మా, నాన్న మోకాళ్ళు," అంది కూతురు.

నాలుగు రోజులుగా ఇదే రగడ. వానచారలు పడ్డ ముందుగోడకి రంగు కొనడం అయింది, డబ్బాలు వసారాలో కూర్చున్నాయి. తేలనిది నిచ్చెన సంగతే. అది మామగారు తన చేత్తో చేసిన చెక్క నిచ్చెన. గోడకి రంగు వేసిన ప్రతిసారీ మిగిలింది దానికి పూయడం ఆ ఇంట్లో అలవాటు. అందుకే అది ఎప్పుడు చూసినా కొత్తదానిలా మెరుస్తుంది. కిందటిసారి సన్‌షేడ్ దగ్గర భర్త ఓ పక్కకి ఊగినప్పుడు, కింద నిచ్చెన పట్టుకుని ఉన్నది ఆమే. ఆ ఊపు ఆమె ఇప్పటికీ మరచిపోలేదు.

నిన్న ఒక్కతే వెళ్ళి దుకాణంలో చూసి వచ్చింది. దుకాణదారు ముందు తేలికని అల్యూమినియం నిచ్చెన చూపించాడు. "మా గోడ మూలన కరెంటు తీగ దిగుతుందండీ," అంటే దాన్ని పక్కన పెట్టేశాడు. కరెంటు పారని, తన కాళ్ళ మీద తనే నిలబడే ఫైబర్ మడత నిచ్చెన నచ్చిందామెకి. రబ్బరు పాదాలు, పైన డబ్బా పెట్టుకునే పలక. గోడకి ఆనించక్కర్లేదు కనక తడి రంగు మీద మచ్చలూ పడవు.

"వసారా ముందంతా చదునుగా సిమెంటే, చక్కగా నిలబడుతుంది. మీ బరువూ డబ్బా బరువూ కలిపి మోస్తుందా అనే అడిగాను," అంది.

"నా బరువు దుకాణంలో చాటించావన్నమాట. ఎన్ని చెప్పు, అది నాన్న చేతి పని."

ఆమె పాత రంగు గీకే రేకు తెచ్చి, నిచ్చెనని నేల మీద పడుకోబెట్టి, నడిమి మెట్టు చివర గీకడం మొదలెట్టింది. మీగడరంగు లేచింది. కింద ఆకుపచ్చ. దాని కింద నీలం. తర్వాత చెక్క, చెక్కలో మేకు దగ్గర మొదలై మెట్టు సగం దాకా పాకిన చీలిక. రేకు అంచు సులువుగా లోపలికి దిగిపోయింది.

భర్త వంగి వేలితో తడిమాడు.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు చెప్పింది: "మీ నాన్న దీనికి రంగెప్పుడూ వెయ్యలేదురా. నూనె రాసేవాడు, ఎక్కేముందు మెట్టు మెట్టూ చూసేవాడు. రంగులు మొదలెట్టింది నువ్వే, ముచ్చటపడి."

రాత్రి భోజనాల దగ్గర ఆమె అందరికీ వడ్డించి, తనూ కంచం ముందు కూర్చుంది.

"ఫైబర్ నిచ్చెనకి దుకాణంలో చెప్పేశాను, పొద్దున్నే వస్తుంది," అంది నెమ్మదిగా. "తీగ ఉన్న మూల మనం ముట్టుకోం, ఫైబరైనా సరే. కరెంటువాళ్ళు వచ్చి సరఫరా ఆపాకే ఆ పని. మామయ్యగారి నిచ్చెన పెరట్లో పడుకుని కుండీలు మోస్తుంది. ఇక పైగోడకి రంగు నేను వేస్తాను. మీరు కింద నిలబడి పట్టుకోండి."