పదకొండో అధ్యాయం చించిందెవరు

ఆ ఇంట్లో రోజూ పొద్దున్న ఎనిమిదింపావుకి చక్కెర ఎక్కడుందని అడగాలి. ఎక్కడుందో అందరికీ తెలుసు, పై అరలో నీలం డబ్బాలో. అయినా అడగాలి. ఎందుకంటే నిన్న ఎనిమిదింపావుకి "పై అరలో, నీలం డబ్బాలో" అని అత్త చెప్పేసింది కనక.

అత్త జవాబులు ఒక రోజు ముందొస్తాయి. కొందరికి కోపం ముందొస్తుంది, కొందరికి ఏడుపు ముందొస్తుంది, ఈవిడకి జవాబు ముందొస్తుంది, అంతే. తనంతట తను ఆడే మాటలన్నీ వేళకే ఆడుతుంది. పక్కింటివాళ్ల మీద చెప్పాల్సినవి కూడా వేళ తప్పకుండా చెబుతుంది. ఎవరైనా అడిగినదానికి చెప్పేవి మాత్రం ఎక్కిళ్లలా, ఆపుకుందామన్నా ఆగకుండా, సరిగ్గా ఇరవై నాలుగు గంటల ముందు బయటపడతాయి. అవి ఏ ప్రశ్నకి జవాబులో ఆవిడకీ తెలియదు.

మామయ్యది గడియారాలు బాగుచేసే కొట్టు. ఊళ్లోవాళ్ల గడియారాలన్నీ సరిచేసిన మనిషి ఇంట్లో ఈ ముందొచ్చే జవాబుల జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. వంటింట్లో ఒక నోటుబుక్కు వేలాడదీసి దానికి పెన్సిలు కట్టాడు. అత్త నోట జవాబు రాగానే ఎవరుంటే వాళ్లు టైముతో సహా రాసిపెట్టాలి. మర్నాడు ఆ టైముకి ప్రశ్న అడగాల్సినవాళ్లు అడగాలి. జవాబు ముందే తెలిసిపోయింది కదా అని ఊరుకోకూడదు.

"జవాబు తీసుకుని ప్రశ్న ఎగ్గొట్టడం దొంగతనం," అనేవాడు మామయ్య.

మేనకోడలు చిన్నప్పుడే ఈ ఇంటికొచ్చింది. అన్నం తినిపించిందీ, జడ వేసిందీ, కొట్టిందీ అన్నీ అత్తే. ఇప్పుడు ముప్ఫై దాటాయి. కళ్లాసుపత్రిలో టోకెన్ల కిటికీ దగ్గర కూర్చుంటుంది. రోజంతా "నా నంబరెప్పుడమ్మా" అని అడిగేవాళ్లకి జవాబు చెప్పి చెప్పి ఇంటికొచ్చి నవలిక రాసుకుంటుంది. సస్పెన్సు నవలిక. చేత్తోనే రాస్తుంది, నకలుంచుకోదు. రాసింది సొరుగులో పెట్టి తాళం వేస్తుంది. అచ్చయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చూపించనని ఒట్టు పెట్టుకుంది.

కథలో ఒక ఇల్లు, అందులో జవాబులు ముందురోజే చెప్పే ముసలావిడ. ఒకరోజు ఆవిడ "వాణ్ని నేను చూశాను" అంటుంది. ఎవర్ని, ఎక్కడ, ఎవరడిగితే చెప్పింది, అన్నదే సస్పెన్సు. పది అధ్యాయాలు చదివిన ఎడిటర్ ఆసుపత్రికే ఫోన్ చేశాడు.

"సస్పెన్సు బాగుందమ్మా. మ్యాజిక్ ఏదీ? మనం అనుకున్నది మ్యాజిక్ కూడా ఉండే నవలిక కదా."

"ముసలావిడ ఒక రోజు ముందు జవాబు చెబుతుంది కదండీ."

"అది మ్యాజిక్ ఏంటి? మా చిన్నాన్నదీ అదే వరస. అది ఉత్త వాస్తవం. ఒక పని చెయ్యండి, పదకొండులో ఆవిణ్ని చంపేయండి."

"చంపితే మ్యాజిక్ ఎలా అవుతుందండీ?"

"ముందు చంపండి. మిగతాది అదే వస్తుంది. గురువారం సాయంత్రానికి నాకు అందాలి."

మేనకోడలికి ముక్క అర్థం కాలేదు. కిటికీ ముందు నిలబడ్డ పెద్దమనిషికి ఇరవై మూడుకి బదులు ముప్ఫై రెండు ఇచ్చింది. అయినా పుస్తకం అచ్చుకావాలన్న ఆశ మామూలు ఆశ కాదు, ఆరేళ్ల ఆశ. మంగళవారం సాయంత్రం కూర్చుని పదకొండో అధ్యాయం రాసేసింది. ముసలావిడ ఒకరోజంతా ఒక్క జవాబూ చెప్పదు. ఇంట్లోవాళ్లకి సంగతి తెలుస్తుంది. జవాబు లేదంటే రేపు ప్రశ్న లేదు, ప్రశ్న లేదంటే అడిగించుకోవడానికి మనిషి ఉండదు. మర్నాడు ఆవిడ కుర్చీలోనే కన్నుమూస్తుంది. రాసి, తనే కాసేపు ఏడ్చి, సొరుగుకి తాళం వేసింది.

బుధవారం ఎనిమిదింపావయింది. అత్త ఏమీ అనలేదు.

"చక్కెర ఎక్కడుందత్తా?" అని మేనకోడలు పద్ధతి ప్రకారం అడిగింది. అడిగి పెన్సిలు పట్టుకుని రేపటి జవాబు కోసం ఎదురుచూసింది. అత్త వేలితో టీ మీద మీగడ తీసి పక్కన పెట్టింది. తొమ్మిదయింది, పదయింది. పేజీ తెల్లగానే ఉంది.

మేనకోడలు ఆ రోజుకి పని మానేసింది, మామయ్య కొట్టు మూసి వచ్చాడు. డాక్టరుని పిలిపించాడు. పదకొండింటికి డాక్టరు "ఎక్కడైనా నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాడు. అందరూ నోటుబుక్కులో మంగళవారం పేజీ చూశారు. పదకొండు గంటలకి ఉంది: "ఎక్కడా లేదు. గుండ్రాయిలా ఉన్నాను." డాక్టరు అది చదివి, నాడి చూసి, ఇందులో నేను చేసేదేం లేదని వెళ్లిపోయాడు.

"ఎందుకత్తా ఇవాళ ఏమీ చెప్పట్లేదు?" అంది మేనకోడలు పదకొండున్నరకి. దీనికీ నిన్నటి పేజీలో జవాబుంది: "అడిగితేగా చెప్పడానికి." నిన్న సాయంత్రం ఇంటికొచ్చి అది చదివి నవ్వుకుంది. ఇవాళ ఆ పేజీ గబుక్కున మూసేసింది.

అత్త మాత్రం హుషారుగా ఉంది. "ఎంత హాయిగా ఉందే ఇవాళ, ఒక్క ఎక్కిలీ లేదు," అంటూ కిటికీ అద్దాలన్నీ తుడిచింది.

మేనకోడలికి ఏదీ తేలలేదు. నేను రాశాను కాబట్టి ఇలా అయిందా? ఇలా అవబోతోంది కాబట్టి నా చేత అలా రాయించిందా? ఎడిటర్ చంపమన్నది కథలో ముసలమ్మనే కదా? తన పాపమే అనుకుని పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. మామయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మామయ్యా, రేపు మనం ఏదో ఒకటి అడిగితే?"

"జవాబు లేని ప్రశ్న ఎలా అడుగుతావే? అడిగాక దానికి జవాబు ఎక్కణ్నుంచి తెస్తావు?"

"అడక్కపోతే మటుకు?"

"ఎక్కువ ఆలోచించకు, తల తిరుగుతుంది. పెళ్లయిన కొత్తలో నాకు తిరిగింది." అలా అన్న మనిషి కళ్లు తుడుచుకోవడానికి కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయాడు.

గురువారం పొద్దున్న ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. అత్తని ఎవరూ ఏమీ అడగలేదు. చక్కెర సంగతి కూడా అడగలేదు. మామయ్య చప్పటి టీ తాగాడు.

"ఏంటి మీరిద్దరూ అద్దెకొచ్చినవాళ్లలా కూర్చున్నారు? కొట్టు తియ్యరా మీరు?" అంది అత్త.

"తీస్తాను," అన్నాడు మామయ్య. కదల్లేదు.

ఎనిమిదింపావు దాటింది. అత్త బతికే ఉంది, కానీ జవాబు రాలేదు. అంటే రేపు పొద్దున్నా అడిగేవాళ్లు లేరన్నమాట. తొమ్మిదయింది. మేనకోడలు అత్త గుండె మీద చీర కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చుంది.

తొమ్మిదీ పదికి అత్త గరిటె కింద పెట్టి గట్టిగా అంది.

"అవును, నేనే చించాను. బతికున్న మనిషిని చంపుతారా ఎవరైనా?"

అని, తనే తెల్లబోయి చూసింది. "ఏం చించానే నేను?"

జవాబొచ్చిందంటే రేపు తొమ్మిదీ పదికి ఎవరో అడుగుతారు, అడిగించుకోవడానికి అత్త ఉంటుంది. మామయ్య లేచి వెళ్లి భార్య నెత్తిన చెయ్యి పెట్టాడు. నలభై ఏళ్లలో పగటిపూట అలా చెయ్యి వేసింది లేదు. అత్త సిగ్గుపడి "చాల్లెండి" అంది.

మేనకోడలు మాత్రం సొరుగు దగ్గరికి పరిగెత్తింది. పదకొండో అధ్యాయం భద్రంగా ఉంది, ఒక్క కాగితం నలగలేదు. దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నిన్న అత్త చెప్పకపోవడానికి కారణం ఇవాళ మేం భయపడి అడక్కపోవడమే. ఇవాళ అడక్కపోవడానికి కారణం నిన్న చెప్పకపోవడమే. మరి ఈ చావు ఎక్కణ్నుంచి వచ్చింది? ఈ కాగితాల్లోంచే వచ్చింది. ఇవి సొరుగులో ఉంటే చిరగవు. చిరక్కపోతే రేపు అడిగేదేం లేదు. అడక్కపోతే?

ఆసుపత్రిలో నకలు తీసే మిషను ఉంది. ఒక కాపీ తీసి దాచుకుందామని మనసు లాగింది. కానీ కాపీ ఉంటే చించినా చించనట్టే, అప్పుడు రేపు తను అడిగేది ఉత్తుత్తి ప్రశ్న. ఉత్తుత్తి ప్రశ్న కోసం అత్త రేపటిదాకా ఉంటుందా? మేనకోడలికి తెలియదు. తెలియని చోట అత్తని పణంగా పెట్టే ధైర్యం లేదు.

ఆరేళ్ల ఆశని వంటింటి బల్ల మీద, అత్త కళ్లజోడు పక్కన పెట్టింది. గాలికి ఎగరకుండా పైన చక్కెర డబ్బా పెట్టింది.

"ఇదేంటి, ఎప్పుడూ తాళం వేసుకుంటావు కదా?" అంది అత్త.

"ఇవాళ మర్చిపోయానత్తా," అని చెప్పి పనికి వెళ్లిపోయింది. సాయంత్రం ఎడిటర్ ఫోన్ చేశాడు.

"అధ్యాయం ఏదమ్మా?"

"ఈపాటికి చిరిగిపోయి ఉంటుందండీ."

"ఉంటుందా? చిరిగిందా, చిరగలేదా?"

"రేపు అడిగి తెలుసుకోవాలి."

"శనివారం పదింటిదాకా చూస్తాను. రాకపోతే ఆ స్థానంలో వంటల పుస్తకం వేస్తాను," అని పెట్టేశాడు.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద చక్కెర డబ్బా ఒక్కటే ఉంది. చెత్తబుట్ట నిండా కాగితం ముక్కలున్నాయి. అత్త అటు తిరిగి పడుకుని ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు.

శుక్రవారం కూడా మామయ్య చప్పటి టీయే తాగాడు. తొమ్మిదీ పదికి మేనకోడలు అత్త ముందు నిలబడింది. అడగాలని నిలబడింది కానీ, పదకొండో అధ్యాయం గుర్తొచ్చి నిజంగానే కోపం వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అత్తా, నా కథ నువ్వేనా చించింది?"

అత్త దానికేమీ అనలేదు, నిన్ననే చెప్పేసింది కనక. కుర్చీలోంచి లేచి, మేనకోడలి కళ్లు చీరచెంగుతో తుడిచింది, చిన్నప్పుడు కొట్టాక తుడిచినట్టే. తుడుస్తుండగానే ఎక్కిలి వచ్చినట్టు ఆగి అంది.

"బాగుంది. ఇప్పుడు బాగుంది. ఆ ముసలమ్మ మొగుడికే ఇంకాస్త బుద్ధి ఉన్నట్టు రాయాల్సింది."

"నాకేం తక్కువ?" అన్నాడు మామయ్య.

మేనకోడలు నోటుబుక్కు అందుకుని టైముతో సహా రాసింది. రేపు తొమ్మిదీ పదికి తను అడగబోయే ప్రశ్న ఏమిటో ఆవిడకి తెలిసిపోయింది. అంటే రేపు అత్త ఉంటుంది. రేపటికి పదకొండో అధ్యాయమూ ఉంటుంది. ఆసుపత్రికి సెలవు చెప్పి, తెల్లకాగితాలు తెచ్చుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఏం రాయాలో ఇంకా ఏమీ తెలియదు. ముసలావిడ పొద్దున్నే లేచి కిటికీ అద్దాలు తుడుస్తోంది, అని మొదలుపెట్టింది.